కళ్ళు తెరిచే ఉంచండి

(సోంపేటలో ఆశా కార్యకర్తలు, యోగా శిక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ఆశా అక్కచెల్లెళ్ళకు, తోటి శిక్షకులకు నమస్కారం.

ఉద్దానంలో అక్టోబరు వస్తోందంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడు తుపానులూ ఆ నెల 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర ఒడ్డుకు చేరిన తెల్లవారుజామున గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైగా వేగంతో వీచింది. తర్వాత అధికారులు వచ్చి కూలిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టారు, జీడితోటల నష్టం రాసుకున్నారు. ఆ రాత్రంతా తలుపుకు వీపు ఆనించి, పిల్లల్ని ఒళ్ళో అదుముకుని కూర్చున్న మనిషి లోపల ఏం కూలిందో రాయడానికి ఆ కాగితాల్లో గడి లేదు. నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు నా తప్పు చెబుతాను. తిత్లీ వచ్చిన మరుసటి ఏడాది ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో, బడి గదిలో సాయంత్రం పూట ఆడవాళ్ళకు యోగా తరగతి పెట్టాను. వచ్చేవారిలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళే ఒకామె ఉండేది. యాభైకి దగ్గరపడిన మనిషి. ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేది. భుజాలు చెవుల దాకా లేచి ఉండేవి, దించమంటే దించేది, రెండు నిమిషాల్లో మళ్ళీ అక్కడికే చేరేవి. మొదటి రోజు ఆసనాలయ్యాక, నా అలవాటు ప్రకారం తలుపులు మూసి, దీపం ఆర్పి, “అందరూ వెల్లకిలా పడుకోండి, కళ్ళు మూసుకోండి” అన్నాను. కాసేపటికి చాప కదిలిన చప్పుడు వినిపించింది. చూస్తే ఆమె లేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. ఓపిక లేని మనిషి అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

వారం తర్వాత తనే వచ్చి చెప్పింది. “అమ్మా, కళ్ళు మూస్తే రేకులు లేచిపోతున్న చప్పుడు వినిపిస్తుంది. వెల్లకిలా పడుకుంటే కప్పు మీదికి వచ్చేస్తున్నట్టు ఉంటుంది. మీరు తలుపు కూడా వేసేశారు.” ఊళ్ళో వాళ్ళు ఆమెకు గాలి సోకిందని చెప్పి తాయెత్తు కట్టించారు. ఆ తాయెత్తును నేను తేలిక చేయను. కట్టినవారు ఆమె పక్కన కూర్చుని, ఆమె చెప్పింది విన్నారు. ఆ మొదటి రోజు నేను ఆ పాటి కూడా చేయలేదు.

భయం ఎక్కడుంటుందో మన భాషకు బాగా తెలుసు. గుండె జారిపోయింది అంటాం, కాళ్ళు ఆడలేదు అంటాం, నోట మాట రాలేదు అంటాం. అన్నీ ఒంటి మాటలే. పతంజలి యోగసూత్రాల్లో సమాధిపాదం 31వ సూత్రం కూడా చెదిరిన చిత్తానికి తోడుగా వచ్చేవాటిని చెబుతూ దుఃఖం, దౌర్మనస్యంతో పాటు అంగమేజయత్వాన్ని, అంటే ఒళ్ళు వణకడాన్ని, శ్వాస గతి తప్పడాన్ని చేర్చింది. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పారిపోవడానికో, ఎదిరించడానికో సిద్ధమవుతుంది. రెండూ కుదరకపోతే కొయ్యబారిపోతుంది. ప్రమాదం దాటాక చాలామంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. కొందరిలో మాత్రం ఆ హెచ్చరిక గంట ఆగదు. తుపాను పోయి ఏడాదైనా ఒళ్ళు ఆ రాత్రిలోనే ఉండిపోతుంది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం దీన్ని పీటీఎస్‌డీ అనే రుగ్మతగా గుర్తించింది. నెల దాటినా ఉలికిపాటు, పీడకలలు, ఆ చోటికి వెళ్ళలేకపోవడం తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్ళు ఢీకొన్నాయి కదా. అలాంటి ప్రమాదం నుంచి బయటపడిన మనిషి మళ్ళీ రైలెక్కనంటే అది మొండితనం అనుకోకండి.

మరి యోగా ఏం చేయగలదు? గుండె మీద, పేగుల మీద మన ఆజ్ఞ చెల్లదు. శ్వాస మీద చెల్లుతుంది. తనంతట తాను సాగేదీ అదే, మనం పట్టి నడపగలిగేదీ అదే. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి, కొందరికి వేళ్ళకే తెలుస్తుంది. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి పని అది. అందుకే పీల్చేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడితే వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టమంటాను. పట్టి నిలపడం, అంటే కుంభకం, వీరికి మొదట్లో వద్దు. ఊపిరిని వేగంగా కొట్టే కపాలభాతి, భస్త్రిక అసలే వద్దు. గుండె దడతో బతుకుతున్న మనిషికి ఆ వేగం మళ్ళీ ఆ దడనే గుర్తుచేస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద చెబుతున్న మాట కాదు. 2008లో బిహార్‌లో కోసీ నది వరదల తర్వాత, బాధితుల్లో 22 మంది మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది. వారం రోజులు రోజుకొక గంట యోగా చేసినవారిలో దిగులు తగ్గింది. చేయనివారిలో ఆందోళన పెరిగింది. అమెరికాలో మనోవైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ఇంకా గట్టిది. ఎన్నో ఏళ్ళుగా, ఎన్ని చికిత్సలు చేసినా పీటీఎస్‌డీ తగ్గని 64 మంది మహిళలను తీసుకుని, సగం మందికి పది వారాలు వారానికో గంట యోగా నేర్పారు. మిగతావారికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. చివరికి యోగా చేసినవారిలో సగానికి పైగా ఆ రుగ్మత నిర్ధారణ పరిధి నుంచి బయటపడ్డారు. రెండో జట్టులో బయటపడినవారు ఐదింట ఒక వంతే. అక్కడ యోగాను ఇతర చికిత్సకు తోడుగానే నేర్పారని మరిచిపోకండి.

ఆ పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఆసనాలు కావు, నేర్పే తీరు. శిక్షకులు ఆజ్ఞాపించరు, ముట్టుకుని సరిచేయరు. “వీలైతే చేయి పైకెత్తండి, లేదంటే అలాగే ఉంచండి” అంటారు. ఎందుకని? తుపానులోనైనా, కొట్టే చేతి కింద అయినా ఆ మనిషికి పోయింది తన ఒంటి మీద తన మాట. “ఆపేస్తాను” అంటే అక్కడ ఎవరూ ఆపలేదు. తరగతిలో ఆపుకోగలిగితే ఆ మాట తిరిగి వస్తుంది. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. నేనూ పొంగిపోయాను. కానీ గాయపడిన మనిషికి ఆ మైకు మాట, ఆ వరుస, అందరితో సమానంగా వంగాలన్న తొందర పనికిరావు. నలుగురైదుగురు ఉండాలి, తలుపు తీసి ఉండాలి, గుమ్మం కనిపించాలి.

ఆ జీడిపప్పు ఆమెతో నేను మొదలుపెట్టింది గోడతో. తాడాసనంలో నిలబడి అరచేయి గోడకు ఆనించమన్నాను. పాదాలు నేలను తొక్కుతున్నాయో లేదో చెప్పమన్నాను. “చల్లగా ఉంది” అంది. ఆ రోజుకు అంతే. మూడో వారానికి చేతులు పైకెత్తింది. శవాసనం బదులు గోడకు జారగిలబడి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. శ్వాస వదిలేటప్పుడు ఆమె భుజాలు వాటంతట అవే దిగడం నేను చూసింది నాలుగో నెలలో. ఆమె జిల్లా ఆసుపత్రిలో మనోవైద్యుల మందులు కూడా వాడేది. మందులు మానేయమని చెప్పే శిక్షకులు ఎవరైనా ఉంటే, ఆ తరగతికి దయచేసి ఎవరినీ పంపకండి.

ఆశా అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్న ఆడమనిషికి ముందు శ్వాస నేర్పకండి. ఆమె ఒళ్ళు వణకడానికి కారణం అక్కడే ఉంది, ముందు ఆమెకు భద్రత కావాలి. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయించండి. బతకాలని లేదు అన్న మాట ఎవరి నోట విన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రాత్రి పూటైనా 14416, మానసిక ఆరోగ్యానికి ఫోను సాయం అందించే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడుతుంది.

ఇప్పుడు ఐదు నిమిషాలు చేసి చూద్దాం. కుర్చీలోంచి లేవనక్కర్లేదు. కళ్ళు తెరిచే ఉంచండి. కిటికీలోంచి ఆ కొబ్బరి చెట్టు కనిపిస్తోంది కదా, కావాలంటే దాన్ని చూడండి. పాదాలు నేలకు ఆనాయా? ఆనితే ఎడమ పాదం కాస్త ఎక్కువగా నొక్కండి. ఇష్టం లేనివారు ఊరికే కూర్చోండి, అదీ సరే. ఇక మీకు వీలైనప్పుడు, నెమ్మదిగా, గాలి వదలండి.