తొలి చలికాలం దాటించడం

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని కోరాపుట్ కొండల మీద, సెమిలిగుడ, పొట్టంగి ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగువారు వానాకాలంలో మక్కువగా నాటుకున్న మందార, మల్లె, మామిడి అంటు పుష్యమాసానికి వాడిపోవడం చూసి, ఈ నేల పడలేదని అనుకుంటారు. లోపం నేలది కాదు. సముద్రమట్టం నుంచి 1,000 మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కోరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, కొండల కింద పల్లంలో ఉన్న పర్లాకిమిడిలోని బంధువుల పెరట్లో నిర్భయంగా పెరిగే మొక్కకు ఇక్కడ కొంత కాపుదల కావాలి.

ఏళ్ల తరబడి బతికే మొక్కకైనా మొదటి చలికాలమే గండం. వేళ్లు ఇంకా నర్సరీ సంచిలోని మట్టిముద్ద దాటి పెద్దగా పాకి ఉండవు. చల్లబడిన నేలలో అవి నీటిని నెమ్మదిగా పీలుస్తాయి, పైన పొడిగాలి మాత్రం ఆకులోని తేమను లాగేస్తూనే ఉంటుంది. అందుచేత చలి దెబ్బగా మనకు కనిపించేదానిలో చాలా భాగం నిజానికి దాహమే. చలికాలంలో నీరెందుకని పాదును ఎండగట్టడం కంటే పెద్ద పొరపాటు లేదని నా అభిప్రాయం. తడినేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది కూడా. మధ్యాహ్నం లోపే, ఆకులు తడవకుండా, పాదుకు నీరు పెట్టాలి.

పాదులో రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది, కానీ గడ్డిని మొదలుకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం విడవాలి, లేకుంటే బెరడు కుళ్లుతుంది, చెదలు పడతాయి. ఆ గడ్డి కాపాడేది వేళ్లనే. ఆకులకు వేరే కప్పు కావాలి.

మబ్బు లేని, గాలి కదలని రాత్రులే ఎక్కువ ప్రమాదకరమైనవి, ఎందుకంటే నేలలోని వేడి అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది, బరువెక్కిన చల్లగాలి నీటిలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అటువంటి రాత్రి నాలుగు కర్రలు పాతి, వాటి మీద గోనెపట్టా నేలను తాకేలా దింపాలి. వెచ్చదనం వచ్చేది నేల నుంచే కనుక, గొడుగులా పైన మాత్రమే కప్పి ప్రయోజనం లేదు. పొద్దెక్కగానే పట్టా తీసేయాలి. మామిడి అంటుకు చలికాలమంతా ఉండే గడ్డి గుడిసె కడితే, ఉదయపు ఎండ తగిలేలా ఆగ్నేయం వైపు తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ పట్టాను ఆకులకు ఆనించకూడదు. తగిలినచోట ఆకు నల్లబడుతుంది.

దసరా దాటాక యూరియా వేయవద్దు. దానితో వచ్చే లేత చిగురే ముందుగా మాడిపోతుంది. 2018 అక్టోబరులో గజపతి, రాయగడ జిల్లాలను దెబ్బతీసిన తిత్లీ వంటి తుపానులు సరిగ్గా చలికి ముందే వస్తాయి. గాలికి మొదలు కదిలితే కొత్త వేళ్లు తెగుతాయి కాబట్టి, ఊతకర్ర పాతి కొబ్బరితాడును వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో కట్టండి.

ఇంత చేసినా కొమ్మలు నల్లబడవచ్చు. మా పెరట్లో ఒక మందారం ఆకులన్నీ రాల్చితే చనిపోయిందనుకుని మాఘంలోనే పెకలించాను. చేతికి వచ్చిన వేళ్లు తెల్లగా, సజీవంగా ఉన్నాయి. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే చెబుతున్నాను, శివరాత్రి దాటేవరకు కత్తిరించవద్దు, పెకలించవద్దు. బెరడును గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. అంటు మొక్క అయితే చిగురు ఎక్కడ వేస్తుందో గమనించండి. అంటుకట్టిన అతుకు పైన వస్తే మీరు కోరుకున్న రకం బతికినట్టు, కింద వచ్చిన చిగురును మాత్రం ఎప్పటికప్పుడు గిల్లివేయండి.