ముందు రోడ్డు వెడల్పు కొలవండి, తర్వాత లెన్స్ కొనండి

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, అదీ ఆదివారం పూట, ఒక లెన్స్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను బిల్డింగుల ఫొటోలు తీస్తాను. ఆర్కిటెక్టులకి, బిల్డర్లకి, అప్పుడప్పుడు పాత కట్టడాల మీద పనిచేసేవాళ్లకి. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న "అన్నా, టిల్ట్-షిఫ్ట్ ఏది కొనమంటావ్?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. నువ్వు తీయబోయే బిల్డింగ్ ముందు రోడ్డు ఎంత వెడల్పు?

ఎందుకు అడుగుతానో చెప్తాను. తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు తూకం గుండు వేలాడదీసి, గోడ నిలువుగా ఉందా లేదా అని వరస వరసకీ చూసుకుంటాడు. అంత కష్టపడి నిలబెట్టిన గోడని మనం వెళ్లి, కెమెరా పైకెత్తి, వెనక్కి వాలిపోయినట్టు ఫొటో తీసి ఇస్తున్నాం. కెమెరా పైకెత్తితే సెన్సర్ కూడా వాలుతుంది, సెన్సర్ వాలితే నిలువు గీతలు పైన దగ్గరకి వచ్చేస్తాయి, అది లెన్స్ తప్పు కాదు. కాబట్టి కెమెరాని రసమట్టం పెట్టినంత నిఖార్సుగా నిలబెట్టి, లెన్స్‌ని మాత్రం పైకి జరపాలి. అదే షిఫ్ట్. ఇది కొత్త సంగతేమీ కాదు. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ కాలంలో వాడిన చెక్క కెమెరాల్లో చాలావాటికి లెన్స్ ఉన్న పలకని పైకి జరుపుకునే ఏర్పాటు ఉండేది. చిన్న ఫిల్మ్ కెమెరాలు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. 1962లో నికాన్ 35 ఎంఎం పీసీ-నిక్కర్‌తో షిఫ్ట్ తిరిగి వచ్చింది, 1973లో కానన్ టిల్ట్ కూడా, అంటే లెన్స్‌ని కాస్త వంచే ఏర్పాటు కూడా కలిపి ఇంకో 35 ఎంఎం లెన్స్ తెచ్చింది.

ఇప్పుడు లెక్క. కాగితం మీద రాసుకోండి, ఇవాళ నేను చెప్పేవాటిలో మీ డబ్బు కాపాడేది ఇదే. కెమెరాని నిలువుగా పట్టుకున్నారు అనుకోండి, ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 36 ఎంఎం, అందులో సగం 18. దానికి షిఫ్ట్ ఎన్ని మిల్లీమీటర్లో కలపండి. వచ్చినదాన్ని ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకెతో భాగించి, మీకూ గోడకీ మధ్య ఉన్న దూరంతో గుణించండి. కెమెరా ఎత్తుకి పైన మీ ఫ్రేములో ఎన్ని మీటర్లు పడతాయో అది చెప్తుంది.

మన ఊళ్లో ఎక్కడ చూసినా ఉండేది తీసుకుందాం. స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్, ఎత్తు సుమారు 18 మీటర్లు. ముందు 30 అడుగుల రోడ్డు, అంటే 9 మీటర్లు, బిల్డింగ్ ముందు వదిలిన జాగా ఇంకో 3 మీటర్లు. ఎదురింటి ప్రహరీకి వీపు ఆనించి నిలబడితే మీకు దక్కేది 12 మీటర్లు, అంతకంటే ఒక్క అడుగు కూడా వెనక్కి పోలేరు. కెమెరా మీటరున్నర ఎత్తులో ఉంది, పైన ఇంకా పదహారున్నర మీటర్లు కావాలి. కానన్ తన టిల్ట్-షిఫ్ట్ లెన్సులకి పెట్టిన పేరు టీఎస్-ఈ, అందులో 24 ఎంఎంకి 12 ఎంఎం షిఫ్ట్ ఉంది. 18కి 12 కలిపితే 30, 24తో భాగిస్తే 1.25, 12 మీటర్లతో గుణిస్తే 15. చాలలేదు! పిట్టగోడ తెగిపోతుంది. అందరూ మెచ్చుకునే లెన్స్ అది, నేనూ మెచ్చుకుంటాను, కానీ ఆ వీధికి అది సరిపోదు. అదే చోట లావోవా అనే కంపెనీ 20 ఎంఎం షిఫ్ట్ లెన్స్ పెడితే, దానికి 11 ఎంఎం షిఫ్ట్, 17 మీటర్ల పైన వస్తుంది, పైన కాస్త ఆకాశం కూడా మిగులుతుంది. నికాన్ 19 ఎంఎం అయితే దాదాపు 19 మీటర్లు, కానన్ 17 ఎంఎం అయితే 21, లావోవా 15 ఎంఎం అయితే 23. అలాగని 15 ఎంఎం ఉంటే అన్నీ అయిపోతాయనుకోకండి. ఎంత వైడ్ లెన్స్‌తో ఎంత దగ్గరనుంచి షిఫ్ట్ చేస్తే పై అంతస్తులు అంతగా సాగి, తల బరువెక్కిన మనిషిలా కనిపిస్తుంది బిల్డింగ్. అవసరానికి సరిపోయేంత వైడ్ చాలు.

ఇంకోవైపు చార్మినార్ చూడండి. ఎత్తు సుమారు 56 మీటర్లు. 24 ఎంఎంతో షిఫ్ట్ లేకుండా, కెమెరా నిటారుగా ఉంచి తీయాలంటే 73 మీటర్ల దూరం పోవాలి. గుల్జార్ హౌజ్ వైపు అంత దూరం పోవచ్చు, కాదనను, కానీ మధ్యలో తోపుడుబండ్లు, గొడుగులు, జనం, ఫ్రేములో కింది సగం అంతా రోడ్డే. 12 ఎంఎం షిఫ్ట్ వాడితే 44 మీటర్ల దగ్గర నిలబడొచ్చు, ఆ రోడ్డు కూడా చాలావరకు పోతుంది. అక్కడ 24 నాకు అన్నిటికంటే ఇష్టం, 17 పెడితే మినార్లు సాగిపోతాయి.

ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. చేసుకోవచ్చు, ఎప్పుడో ఒక బిల్డింగ్ తీసేవాళ్లకి నేను కూడా అదే చెప్తాను. ఇంకా మంచి మార్గం, 14 ఎంఎం లెన్స్ పెట్టి కెమెరా నిటారుగా ఉంచి తీసి, పై భాగం మాత్రం ఉంచుకుని మిగతాది కత్తిరించేయడం. రేఖాగణితం ప్రకారం అది షిఫ్ట్‌తో సమానమే. కానీ 24 ఎంఎం షిఫ్ట్‌తో వచ్చే ఫ్రేముని 14 ఎంఎం నుంచి కత్తిరిస్తే మూడో వంతు పిక్సెళ్లే మిగులుతాయి. 45 మెగాపిక్సెల్ కెమెరా అయితే 15 మెగాపిక్సెళ్లు, ఆన్‌లైన్‌కి హాయిగా సరిపోతాయి. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 8, దాంతో ఆర్కిటెక్ట్ ఆఫీసు గోడకి పెద్ద ప్రింట్ వేయలేరు.

ఇక అడాప్టర్. కానన్ టీఎస్-ఈ, నికాన్ పీసీ-ఈ లెన్సులు అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌ల కోసం చేసినవి. ఆ కెమెరాల్లో మౌంట్, అంటే లెన్స్ బిగించే చోటు నుంచి సెన్సర్ దాకా దూరం ఎక్కువ, కానన్ ఈఎఫ్‌కి 44 ఎంఎం, నికాన్ ఎఫ్‌కి 46.5. మిర్రర్‌లెస్‌లో సోనీకి 18, కానన్ ఆర్‌ఎఫ్‌కి 20, నికాన్ జెడ్‌కి 16. ఈ తేడాని నింపే ఖాళీ గొట్టమే అడాప్టర్, లోపల గాజు ఉండదు. కాబట్టి అడాప్టర్ పెడితే క్వాలిటీ పడిపోతుందన్న భయం అక్కర్లేదు, గొట్టం సరిగ్గా చేసి ఉంటే.

సరిగ్గా చేసి ఉంటే. ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. మొదట్లో నేను తక్కువ ధరకి వచ్చిందని ఒక అడాప్టర్ కొన్నాను. ఒక హోటల్ బిల్డింగ్ తీశాను, ప్రతి ఫొటోలో ఎడమ పక్క మెత్తగా, మబ్బు పట్టినట్టు ఉంది. లెన్స్ పోయిందనుకున్నాను. మూడు వారాలు టెన్షన్, లెన్స్ రిపేరుకి ఇస్తే వాళ్లు ఏ లోపం లేదని తిరిగి ఇచ్చారు. చివరికి వెర్నియర్ తెచ్చి అడాప్టర్ మందం నాలుగు వైపులా కొలిస్తే ఒక పక్క మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువ ఉంది. వెంట్రుకంత తేడా. వైడ్ లెన్స్‌కి ఆ వెంట్రుక చాలు, నేను టిల్ట్ చేయకుండానే అడాప్టర్ టిల్ట్ చేసేసింది.

మీకు ఆ మూడు వారాలు పోకుండా ఒక పరీక్ష చెప్తాను. టిల్ట్-షిఫ్ట్ లెన్సుల్లో చాలావాటికి లెన్స్ మొత్తం మౌంట్ మీద గుండ్రంగా తిరిగే ఏర్పాటు ఉంటుంది. టిల్ట్, షిఫ్ట్ రెండూ సున్నాలో పెట్టి, అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న బిల్డింగుని తీయండి. ఒక పక్క మెత్తగా వస్తే లెన్స్‌ని సగం చుట్టు తిప్పి మళ్లీ తీయండి. మెత్తదనం రెండో పక్కకి మారితే లోపం లెన్స్‌లో ఉంది, లేదా దాని టిల్ట్ సున్నా దగ్గర సరిగ్గా ఆగడం లేదు. మారకుండా అదే పక్క ఉంటే అనుమానించాల్సింది అడాప్టర్‌ని. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు డబ్బు ఇచ్చే ముందు, అమ్మేవాళ్ల ఎదురుగానే ఈ పరీక్ష చేయండి.

ఇంకో ముఖ్యమైన విషయం, కానన్ టీఎస్-ఈ లెన్సులకి అపెర్చర్ రింగు లేదు. కెమెరా నుంచి కరెంటు సంకేతం వస్తేనే అపెర్చర్ మూసుకుంటుంది. పిన్నులు లేని ఉత్త గొట్టం పెడితే మామూలుగా పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, ఎఫ్ 8, ఎఫ్ 11 లాంటి చిన్న రంధ్రాలకి కెమెరా నుంచి మార్చలేరు. కాబట్టి ఎలక్ట్రానిక్ పిన్నులున్న అడాప్టరే తీసుకోవాలి. కానన్ బాడీ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, కానన్ సొంత అడాప్టర్ ఉంది, అందులో ఫిల్టర్ లోపల దూర్చుకునే రకం కూడా ఉంది. 17 ఎంఎం టీఎస్-ఈ ముందు గాజు కోడిగుడ్డులా ఉబ్బి ఉంటుంది, ముందు ఫిల్టర్ బిగించడానికి మర లేదు, ఆ లెన్స్ వాడేవాళ్లకి ఈ అడాప్టర్ నిజంగా వరం. పాత పీసీ-నిక్కర్ 28, 35 ఎంఎం లెన్సులు ఇంకో దారి. అన్నీ చేత్తో తిప్పుకునేవే, ఉత్త గొట్టం చాలు, 11 ఎంఎం షిఫ్ట్ ఉంటుంది, టిల్ట్ ఉండదు. బడ్జెట్ తక్కువ ఉన్న కుర్రాళ్లకి నేను మొదట వీటినే చూడమంటాను. లావోవా షిఫ్ట్ లెన్సులు మిర్రర్‌లెస్ మౌంట్లతో కూడా వస్తాయి, అవి తీసుకుంటే అడాప్టర్ గొడవే లేదు.

మామూలు లెన్స్‌కి టిల్ట్-షిఫ్ట్ అడాప్టర్ పెట్టుకోవచ్చా? ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మూల నుంచి మూలకి 43 ఎంఎం, మామూలు లెన్స్ వేసే వెలుగు వలయం కూడా ఇంచుమించు అంతే, కాస్త జరిపితే మూలలు నల్లబడతాయి. 24 ఎంఎం టీఎస్-ఈ వలయం 67 ఎంఎం, దాని బరువూ ధరా అందుకే. కానీ మీది ఏపీఎస్-సీ కెమెరా అయితే కథ మారుతుంది, సెన్సర్ చిన్నది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ లెన్స్‌తో అడ్డంగా పట్టుకున్నప్పుడు 10 ఎంఎం దాకా పైకి జరపొచ్చు. ఫుల్‌ఫ్రేమ్ వాళ్లకి పెద్ద ఫిల్మ్ వాడే పాత కెమెరాలు మమియా 645, పెంటాకాన్ సిక్స్ లెన్సులు ఉన్నాయి, వలయం బోలెడంత, పైగా మౌంట్ దూరం ఎక్కువ కాబట్టి మధ్యలో టిల్ట్-షిఫ్ట్ యంత్రాంగం పట్టడానికి చోటుంటుంది. చిక్కల్లా ఒకటే, వాటిలో నిజమైన వైడ్ దొరకదు, 35, 45 దగ్గర ఆగిపోతాయి. వస్తువుల ఫొటోలకి మంచివి, మన 30 అడుగుల రోడ్డుకి కాదు.

టిల్ట్ గురించి ఎక్కువ చెప్పను, బిల్డింగుల పనిలో నేను పదిసార్లలో ఒకసారి కూడా వాడను. ఊరంతా బొమ్మల కొలువులా కనిపించే ఫొటోలు కూడా టిల్ట్‌తోనే వస్తాయి, కానీ టిల్ట్ అసలు పని అది కాదు, కాళ్ల దగ్గర గచ్చు నుంచి దూరంగా ఉన్న గోడ మొదలు దాకా నేలంతా ఒకేసారి ఫోకస్‌లోకి తేవడం. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన షైమ్‌ఫ్లూగ్ తన 1904 పేటెంట్‌లో వివరించిన సూత్రం ఇది. అందరూ చేసే పొరపాటు ఎక్కువ వంచేయడం. మీటరున్నర ఎత్తులో కెమెరా, 24 ఎంఎం లెన్స్ ఉంటే కావాల్సింది ఒక్క డిగ్రీ కూడా లేదు, 0.9. అదే 90 ఎంఎం అయితే 3.4.

ఇలాంటి చిన్న సర్దుబాట్లకే మిర్రర్‌లెస్ కావాలి. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కళ్లు చిట్లించి అర డిగ్రీ తేడా పట్టుకోవడం చాలా కష్టం, షిఫ్ట్ చేస్తే వెలుగు కొలిచే మీటరింగ్ కూడా తప్పు చూపించేది. ఇప్పుడు స్క్రీన్ మీద పది రెట్లు పెద్దది చేసి పిట్టగోడ అంచుని చూసుకుంటూ ఫోకస్ తిప్పొచ్చు, వెలుగు ఎక్కువ తక్కువలు చూపే హిస్టోగ్రామ్ కళ్ల ముందే ఉంటుంది, లెవల్ గీత స్క్రీన్ మీదే ఉంటుంది. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు బాడీలోని స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకు సరిచేసే ఏర్పాటు, ఆపేయండి.

చాలు, ఇక మాటలు వద్దు. ఆ కిటికీ దగ్గర ట్రైపాడ్ మీద 24 ఎంఎం పెట్టి ఉంచాను, ఎదురుగా ఐదంతస్తుల బిల్డింగ్ ఉంది. ఇద్దరిద్దరుగా రండి. కెమెరా కదపకండి, కుడి పక్క చిన్న నాబ్ వదులు చేసి, పెద్ద నాబ్ మెల్లగా తిప్పుతూ వాటర్ ట్యాంకు ఫ్రేములోకి వచ్చేదాకా చూడండి.