సైటేషన్ల లెక్కలో టీచర్లు ఎక్కడ?

అందరికీ నమస్కారం. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లే ఈ హాల్లో ఎక్కువ కాబట్టి పరిశోధకుడి పేపర్లను, వాటికి వచ్చిన సైటేషన్లను (అంటే ఇతరులు తమ రచనల్లో ఉటంకించడాన్ని) కలిపి ఒక్క అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్ గురించి ఎక్కువ చెప్పను. 2005లో దాన్ని ప్రతిపాదించిన హోర్హె హిర్ష్ ఫిజిక్స్ ప్రొఫెసర్. 20 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 20 సైటేషన్లు ఉంటే ఇండెక్స్ 20. అదే ఒకాయన జీవితంలో రెండే పేపర్లు రాసి, వాటిని వేలమంది ఉటంకించినా ఆయన ఇండెక్స్ 2 దాటదు. ప్రమోషన్ ఫైలు చూసేవాళ్లకు ఈ సంగతి గుర్తుంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఒక అసలు ఉదాహరణ తీసుకుందాం. లండన్ కింగ్స్ కాలేజీలో పనిచేసిన పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ 1998లో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మీద, అంటే పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంత అర్థమైందో చూసి సరిదిద్దుకోవడం మీద, రెండు రచనలు తెచ్చారు. ఒకటి, సుమారు 250 అధ్యయనాలను ముందు పెట్టుకుని రాసిన పెద్ద సమీక్షా వ్యాసం. రెండోది, అందులోని సారాన్ని టీచర్లకు, ప్రభుత్వాలకు చెప్పిన 'ఇన్‌సైడ్ ది బ్లాక్ బాక్స్' అనే చిన్న పుస్తకం. ఇది పుస్తకంగానూ వచ్చింది, అమెరికాలో ఫై డెల్టా కప్పన్ పత్రికలో వ్యాసంగానూ వచ్చింది.

లెక్క కట్టేవాళ్లకు తలనొప్పి ఇక్కడే. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసుల్లో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ప్రధానంగా జర్నళ్లను చూస్తాయి. గూగుల్ స్కాలర్ పుస్తకాలు, రిపోర్టులు, థీసిస్‌లు అన్నీ ఏరుకుంటుంది. అందుకే అక్కడ అంకె పెద్దగా కనిపిస్తుంది. ఒకే రచన రెండు మూడు ఎంట్రీలుగా చీలిపోవడమూ అక్కడ మామూలే. ఎవరైనా 'నాకు ఇన్ని సైటేషన్లు' అంటే, ఎక్కడ, ఏ తేదీకి అని అడగండి. తప్పేమీ కాదు.

ఇక సహకారం. వోస్‌వ్యూయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సహరచయితల మ్యాప్ గీస్తే ఒక్కో రచయితకు ఒక చుక్క, కలిసి రాసినవాళ్ల మధ్య గీతలతో ముచ్చటగా ఉంటుంది. హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఒక్క ఫిజిక్స్ పేపర్‌కే 5,154 మంది రచయితలు. మన రంగంలో ఇద్దరు ముగ్గురు ఉంటే గొప్ప. ఈ రెండు మ్యాపులనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ కలిసి పనిచేస్తారో తేల్చడం అన్యాయం.

బ్లాక్, విలియమ్ బృందం ఆ చిన్న పుస్తకంతో ఆగలేదు. 1999లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్, మెడ్వే ప్రాంతాల్లో ఉన్న ఆరు స్కూళ్లలో లెక్కలు, సైన్స్ చెప్పే 24 మంది టీచర్లతో కలిసి ప్రాజెక్టు మొదలుపెట్టారు. ప్రశ్న అడిగిన వెంటనే తామే జవాబు చెప్పేయకుండా కాసేపు ఆగడం, నోట్‌బుక్‌లో మార్కు వెయ్యకుండా ఏం సరిదిద్దుకోవాలో రాయడం, ఎంత అర్థమైందో పిల్లలే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులతో చూపించడం. ఇవి తరగతిలో ఎలా నడుస్తాయో చేసి చూసింది టీచర్లే. 2002లో దీని మీద వచ్చిన పుస్తకానికి రచయితలు ఐదుగురు, అందరూ పరిశోధకులే. సహరచయితల మ్యాప్‌లో ఆ ఐదు చుక్కలే పడతాయి. మరి ఆ 24 మంది? నా దృష్టిలో అసలైన కొలాబరేషన్ వాళ్లతోనే జరిగింది.

ఇంకో సంగతి. తెలుగు రాష్ట్రాల్లో బడికెళ్లే పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా ఎఫ్‌ఏ, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, తెలుసు. అది బ్లాక్, విలియమ్‌ల నుంచే వచ్చిందని నేను అనను. ఫార్మేటివ్ అనే మాటను మూల్యాంకనానికి 1967లోనే పరిశోధకుడు మైకేల్ స్క్రివెన్ వాడారు. 2009 విద్యాహక్కు చట్టమూ నిరంతర మూల్యాంకనం కావాలంది. కానీ మార్కు పక్కన పెట్టి వ్యాఖ్య రాయమని బ్లాక్, విలియమ్ మొత్తుకుంటే, మన దగ్గర ఎఫ్‌ఏ అంటేనే మార్కులు, ప్రోగ్రెస్ కార్డు, ఇంట్లో టెన్షన్! ఒక ఆలోచన ఎంత దూరం వెళ్లిందో, దారిలో ఎంత మారిందో తెలియాలంటే సిలబస్‌లు, సర్క్యులర్లు, టీచర్ల శిక్షణ పుస్తకాలు చదవాల్సిందే. అదేదీ సైటేషన్‌గా నమోదు కాదు.

చివరగా మనవాళ్ల ఇంటిపేర్ల సంగతి. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, డేటాబేస్ మాత్రం చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. రావులు, రెడ్డిలు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోతారు, లేదా ఒకే మనిషి ముగ్గురుగా చీలిపోతాడు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉచితం, ఇంతవరకూ తీసుకోనివాళ్లు ఇవాళే తీసుకోండి. మధ్యాహ్నం సెషన్‌లో మీ ప్రొఫైళ్లు తెరిచి సరిచేద్దాం. మీ పేరు ఇంతవరకూ ఏయే రకాలుగా అచ్చయిందో ఒక కాగితం మీద రాసుకుని రండి.