మూడు కవర్లు, ఒకటే ధర

అందరికీ నమస్కారం.

మా ఇంటికి గ్యాస్ కనెక్షన్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నాక ఉత్తరం వస్తే, నాన్న డబ్బు సర్దుకుని ఏజెన్సీకి వెళ్లారు. నన్నూ వెంట తీసుకెళ్లారు. మేనమామ కొనిచ్చిన స్టవ్ అప్పటికే ఇంట్లో ఉంది. కౌంటర్లో ఉన్నాయన మాత్రం "స్టవ్ మా దగ్గర తీసుకుంటేనే సిలిండర్" అన్నాడు. నాన్న ఎదురు మాట్లాడలేదు. మాట్లాడితే కనెక్షన్ ఎక్కడ పోతుందోనని టెన్షన్. ఆ రెండో స్టవ్ అట్టపెట్టె విప్పకుండానే మా అటక మీద చాలాకాలం ఉండిపోయింది.

కావలసిన సరుకుతో పాటు అక్కర్లేనిది అంటగట్టడాన్ని అప్పటి చట్టం 'నిర్బంధ వాణిజ్య పద్ధతి' అంది. 1969లో పార్లమెంటు ఆమోదించిన ఎంఆర్‌టీపీ చట్టం, అంటే గుత్తాధిపత్యాలు, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టం, 1970 జూన్ 1న అమల్లోకి వచ్చింది. నాన్న ఆ కౌంటర్ ముందు నిలబడేనాటికే అది ఉంది. ఆయనకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

ఆ చట్టం ఊరికే రాలేదు. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదని రాజ్యాంగం 39వ అధికరణంలో రాసుకున్నాం. ప్రణాళికలు మొదలయ్యాక చూస్తే జరుగుతున్నది అందుకు విరుద్ధంగా ఉంది. 1964లో జస్టిస్ కె.సి. దాస్‌గుప్తా అధ్యక్షతన గుత్తాధిపత్య విచారణ కమిషన్ వేశారు, మరుసటి ఏడాది నివేదిక వచ్చింది. పెద్ద సంస్థలకు అడ్డుకట్ట వేయాల్సిన లైసెన్సు విధానమే వాళ్లకు కోటగోడలా పనికొచ్చిందని ఆ దశాబ్దపు విచారణల్లో బయటపడింది. లైసెన్సు ముందుగా సంపాదించి, ఫ్యాక్టరీ పెట్టకుండా అట్టే పెట్టుకుంటే చాలు, కొత్తవాడికి చోటుండదు.

ఇంత తెలిసీ చట్టం కొలత దగ్గర తప్పటడుగు వేసిందని నా అభిప్రాయం. 20 కోట్ల రూపాయల ఆస్తి దాటిన సంస్థ విస్తరించాలంటే కేంద్రం అనుమతి కావాలంది. 1985లో ఆ హద్దును 100 కోట్లు చేశారు, 1991లో ఎత్తేశారు. స్కూటర్ బుక్ చేసి ఏళ్లపాటు ఎదురుచూసిన తరానికి ఉత్పత్తి పెరగడం మేలా కీడా అని ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దగా ఉండటం నేరం కాదు. పెద్దవాడు పక్కవాడి దారి మూసేస్తే నేరం. చిన్నవాళ్లయినా నలుగురు కూడబలుక్కుని ధర కడితే అదీ నేరమే. మన వాడుకలో దానికి సిండికేట్ అనీ, రింగయ్యారనీ చక్కటి మాటలున్నాయి.

ఈ తేడాను పట్టుకున్నది 2002 నాటి కాంపిటీషన్ చట్టం. కోర్టు వ్యాజ్యాలూ సవరణలూ దాటుకుని, అందులోని కీలకమైన 3, 4 సెక్షన్లు అమల్లోకి వచ్చేసరికి 2009 మే 20 అయింది. కుమ్మక్కు 3వ సెక్షన్లోకి వస్తుంది, ఆధిపత్య దుర్వినియోగం 4వ సెక్షన్లోకి.

ఒక్క కేసు కాస్త వివరంగా చెబుతాను. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వాడతారు. భారత ఆహార సంస్థ వాటికోసం 2009 మే నెలలో టెండర్ పిలిచింది. దేశంలో తయారుచేసేవి నాలుగే కంపెనీలు. మూడు కంపెనీల కవర్లు విప్పితే మూడింటిలోనూ కిలో 388 రూపాయలు! ఫ్యాక్టరీలు వేర్వేరు చోట్ల ఉన్నాయి, తయారీ ఖర్చులు వేరు. ధర మాత్రం రూపాయి అటూ ఇటూ లేదు. పాత టెండర్లు తిరగేస్తే ఇలా ఒకే ధర రావడం కొత్తేమీ కాదని తేలింది. ఆహార సంస్థ 2011లో ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్‌కు ఉత్తరం రాసింది. ఏడాది తర్వాత కమిషన్ మూడు కంపెనీలకూ జరిమానా వేసింది. అందులో ఎక్సెల్ క్రాప్ కేర్‌కు పడింది 63.90 కోట్లు.

అప్పీలులో అది సుమారు 3 కోట్లకు దిగింది. కుమ్మక్కు నిజమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది, కానీ జరిమానాను కంపెనీ మొత్తం టర్నోవర్ మీద కాక ఆ బిళ్లల అమ్మకాల మీదే లెక్కగట్టాలంది. చట్టంలో ఉన్న మాటను చదివి ఇచ్చిన తీర్పు అది, దాని తర్కం నాకు అర్థమవుతుంది. అయినా అన్నం గింజల కాపలా సరుకులో రింగయితే పడే దెబ్బ అంతేనా అని బాధేస్తుంది. 2023 సవరణతో పార్లమెంటు ఈ లెక్క మార్చింది. ఇప్పుడు ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను లెక్కలోకి తీసుకోవచ్చు.

ఆలస్యం సంగతి మాత్రం మారలేదు. కుమ్మక్కయ్యాయని సిమెంట్ కంపెనీలపై 2012లో 6 వేల కోట్లకు పైగా జరిమానా పడితే, 2015లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసి మళ్లీ వినమంది. 2016లో కమిషన్ మళ్లీ వేసింది, 2018లో కొత్త ట్రిబ్యునల్ సమర్థించింది, అక్కణ్నుంచి సుప్రీంకోర్టు. ఈలోగా అప్పుచేసి ఇల్లు కట్టుకున్నవాడు బస్తాకు బస్తా డబ్బు కట్టేశాడు. వాడికి తిరిగొచ్చేదేమీ లేదు.

మీలో కొనుగోలు విభాగాల్లో పనిచేస్తున్నవాళ్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీ దగ్గర గత ఐదేళ్ల టెండర్ ఫైళ్లు ఉంటాయి. ఓసారి బీరువా తెరిచి, ధరల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే అంకె మళ్లీ మళ్లీ కనిపిస్తే కమిషన్‌కు రాయండి. ఆ బిళ్లల కేసు కూడా ఒక ఉత్తరంతోనే మొదలైంది.