అనలాగ్ సెల్‌ఫోన్ లోపల: ట్రాన్స్‌మిటర్‌కి పగ్గాలు వేసేదెవరు?

[తెర మీద: ఇటుకంత పాత ఫోన్. మూత విప్పగానే లోపలి సర్క్యూట్ బోర్డులు]

నమస్తే. 1983 అక్టోబర్‌లో అమెరికాలోని షికాగోలో యాంప్స్ అనే అనలాగ్ సెల్యులార్ సర్వీసు మొదలైంది. ఆ కాలం ఫోన్ మూత విప్పితే లోపల ఉండే ఇద్దరితోనే మనకీరోజు పని. మాటని గాల్లోకి పంపేది ట్రాన్స్‌మిటర్. ఎప్పుడు పంపాలి, ఏ చానల్లో, ఎంత పవర్‌తో అని శాసించేది లాజిక్ సర్క్యూట్. నన్నడిగితే, ఆ ఫోన్ తెలివిలో సగం ట్రాన్స్‌మిటర్ నోరు మూయించడానికే సరిపోయేది.

[బొమ్మ: మైక్ నుంచి యాంటెన్నా దాకా ఒక గీత]

ముందు మాట వెళ్ళే దారి. మైక్ సిగ్నల్‌లో 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఉన్నదే ఫిల్టర్ ముందుకి వదులుతుంది. తర్వాత కంప్రెసర్ గట్టి మాటకీ మెల్లని మాటకీ ఉన్న తేడాని డెసిబెల్స్‌లో సగానికి తగ్గిస్తుంది. అవతలివైపు ఎక్స్‌పాండర్ దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. దాంతో దారిలో చేరిన బుస అణిగిపోతుంది. ఆపైన లిమిటర్. మీరు ఎంత అరిచినా ఫ్రీక్వెన్సీ 12 కిలోహెర్ట్జ్‌కి మించి అటూ ఇటూ జరగనివ్వదు. చానల్ వెడల్పే 30 కిలోహెర్ట్జ్ మరి, హద్దు దాటితే పక్క చానల్ వాళ్ళ సంభాషణలో దూరిపోతాం.

ఇలా తయారైన మాట వీసీఓ అనే ఆసిలేటర్‌కి, అంటే రేడియో తరంగాన్ని పుట్టించే సర్క్యూట్‌కి చేరుతుంది. వోల్టేజి పెరిగితే దాని ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మాట కూడా వోల్టేజి ఊపే కదా, అది ఫ్రీక్వెన్సీ ఊపుగా మారిపోతుంది. ఇదే ఎఫ్‌ఎం. అక్కణ్ణుంచి సిగ్నల్‌కి బలం పెంచే పవర్ యాంప్లిఫయర్, డూప్లెక్సర్, యాంటెన్నా. పంపేదానికీ వినేదానికీ మధ్య 45 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది కాబట్టి డూప్లెక్సర్ రెంటినీ ఒకే యాంటెన్నా మీద విడదీయగలదు. వాకీటాకీలా బటన్ నొక్కి వదిలే బాధ లేదు.

[దగ్గరగా: ఒక క్రిస్టల్, పక్కనే సింథసైజర్ చిప్]

ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటు. యాంప్స్‌ని విస్తరించాక చానళ్ళు 832. ఒక్కోదానికి ఒక్కో క్రిస్టల్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిలకడగా కంపించే ముక్క, పెడితే అది ఫోన్ కాదు, బీరువా. అందుకే ఒకే క్రిస్టల్‌తో నడిపిస్తారు. 100వ చానల్ తీసుకుందాం. ఫోన్ పంపాల్సింది 828 మెగాహెర్ట్జ్ మీద. ఆ ఫ్రీక్వెన్సీని ఒక కౌంటర్ 27,600తో భాగిస్తే 30 కిలోహెర్ట్జ్ రావాలి. వచ్చినదాన్ని, క్రిస్టల్ నుంచి తీసిన 30 కిలోహెర్ట్జ్‌తో పోలుస్తారు. తేడా కనిపిస్తే వీసీఓ వోల్టేజిని సర్దుతారు. ఇలా చుట్టూ తిరిగి తనని తాను సరిదిద్దుకునే ఏర్పాటే లూప్. తేడా పోయిందా, లాక్ పడినట్టు. 200వ చానల్‌కి మారాలంటే లాజిక్ చేసేదల్లా కౌంటర్‌లో 27,700 వెయ్యడమే! అసలు ఫోన్లలో మిక్సర్లూ ప్రీస్కేలర్లూ లాంటి మరికొన్ని సర్క్యూట్లు చేరి లెక్క కొంచెం మెలిక తిరుగుతుంది గానీ సూత్రం ఇదే.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. మాట వల్ల ఫ్రీక్వెన్సీ ఊగుతుంటే, అదీ తప్పేననుకుని ఈ లూప్ సరిదిద్దెయ్యదా? అందుకే లూప్‌ని కావాలనే నిదానంగా తయారుచేస్తారు. మాట ఊపు వేగాన్ని అది అందుకోలేదు. సగటు ఫ్రీక్వెన్సీ జారకుండా మాత్రం పట్టుకుంటుంది. ఇక లాక్ పడేదాకా పవర్ యాంప్లిఫయర్‌ని లాజిక్ ఆపి ఉంచుతుంది.

[కీప్యాడ్ మీద వేలు, సెండ్ బటన్]

సెండ్ నొక్కగానే మాట వెళ్ళదు, డేటా వెళ్తుంది. మాటలకి కాక ఇలాంటి డేటాకే కేటాయించిన కంట్రోల్ చానల్ ఖాళీగా ఉందో లేదో టవర్ పంపే బిట్లలో చూసి, ఫోన్ తన నంబరునీ 32 బిట్ల సీరియల్ నంబరునీ సెకనుకి 10,000 బిట్ల వేగంతో పంపుతుంది. దారిలో చెడిపోతాయేమోనని ఒక్కో డేటా పదాన్ని (బిట్ల గుంపుని) 5 సార్లు చెబుతుంది. ఆ నంబర్లకి తాళం లేదు, గాల్లో బాహాటంగా పోయేవి. దొంగలు వాటిని పట్టి ఫోన్లు క్లోన్ చేశారంటే ఆశ్చర్యమేముంది?

వాయిస్ చానల్ దొరికాక టవర్ 6000 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నని టోన్ పంపుతూనే ఉంటుంది. ఫోన్ దాన్ని తిరిగి పంపుతూ ఉండాలి. మాట ఫిల్టర్ 3000 దగ్గరే ఆగుతుంది కాబట్టి మీ చెవికది వినపడదు. ఆ టోన్ ఫోన్‌కి 5 సెకన్లు అందలేదా, లాజిక్ ట్రాన్స్‌మిటర్‌ని కట్టేస్తుంది. మధ్యలో వేరే టవర్‌కి మారాల్సి వస్తే, మాటని ఒక్క క్షణం ఆపి ఆ సందులో డేటా దూరుస్తారు. అప్పట్లో మాట్లాడుతుంటే "టక్" మని వినిపించేది అదే. పవర్ కూడా టవర్ చెప్పినట్టే. చేతి ఫోన్‌కి గరిష్ఠం 0.6 వాట్, అక్కణ్ణుంచి 4 డెసిబెల్స్ మెట్లుగా దిగుతుంది.

[చివరి షాట్: మైక్రోప్రాసెసర్ పక్కన చిన్న టైమర్]

మరి లాజిక్కే మొరాయిస్తే? ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుపోయి, ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉండిపోతే ఆ చానల్ మొత్తం పాడు. అందుకని దేనితోనూ సంబంధం లేని ఒక టైమర్ పెట్టారు. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ దాన్ని మళ్ళీ మళ్ళీ సున్నాకి తెస్తుండాలి. అలా జరక్కపోతే 60 సెకన్లు దాటకముందే ఆ టైమర్ ఎవరినీ అడక్కుండా ట్రాన్స్‌మిటర్‌ని ఆపేస్తుంది.