రికార్డో కార్వాల్యో: చోటు దక్కిన యూరో, చోటు పోయిన యూరో

హోస్ట్: హాయ్ అందరికీ, వెల్‌కమ్ బ్యాక్. అన్నా, పోర్చుగల్ అనగానే అందరూ రొనాల్డో, ఫిగో అంటారు, నువ్వేమో ఎప్పట్నుంచో రికార్డో కార్వాల్యో మీద ఎపిసోడ్ పెడదాం అంటున్నావ్. ఎందుకంత?

గెస్ట్: ఎందుకంటే ఆయన ఆట చూసే నేను డిఫెండర్లని చూడటం మొదలుపెట్టా. 1.83 మీటర్లే, సెంటర్ బ్యాక్‌కి, అంటే గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్‌కి, అదేం పెద్ద హైట్ కాదు, గుద్దుకుని పడేసే రకం కూడా కాదు. పాస్ ఎటు వెళ్తుందో ముందే కనిపెట్టి స్ట్రైకర్ కంటే ఒక అడుగు ముందు వచ్చి బాల్ తీసేసుకుంటాడు, తీసుకుని దాన్నేదో దూరంగా తన్నేయడం కాదు, తనే ముందుకి తీసుకెళ్తాడు.

హోస్ట్: మొదలెక్కడ?

గెస్ట్: పోర్తో దగ్గర్లోని అమరాంతె అనే ఊళ్లో పుట్టాడు, 1978లో. పోర్తో క్లబ్‌లోనే పెరిగాడు కానీ నేరుగా ఫస్ట్ టీమ్‌లో కూర్చోలేదు, లెసా, సెతూబల్, అల్వెర్కా, ఇలా మూడు క్లబ్బులకి లోన్‌లో, అంటే కొన్నాళ్లు ఆడి రమ్మని, పంపారు. 2002 జనవరిలో మొరీన్యో కోచ్‌గా వచ్చాక కథ మారిపోయింది. యూరప్ క్లబ్బుల టోర్నీలు రెండు గెలిచారు, 2003లో సెల్టిక్ మీద 3-2 తో యుయెఫా కప్, 2004లో మొనాకో మీద 3-0 తో ఛాంపియన్స్ లీగ్, ఆ సీజన్‌కి యూరప్‌లో బెస్ట్ డిఫెండర్ అవార్డు కూడా ఈయనకే.

హోస్ట్: అదే సమ్మర్‌లో యూరో 2004, అంటే యూరప్ దేశాల కప్పు, కూడా ఉంది కదా, సొంత దేశంలో.

గెస్ట్: హా, అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. గ్రీస్‌తో మొదటి మ్యాచ్‌కి ఆయన టీమ్‌లో లేడు! సెంటర్ బ్యాక్‌లుగా సీనియర్ ఫెర్నాండో కూటో, జార్జ్ ఆంద్రాదే ఆడారు, పోర్చుగల్ 2-1 తో ఓడిపోయింది. రెండో మ్యాచ్‌కి కూటోని పక్కన పెట్టి ఈయన్ని దించారు, ఇక మళ్లీ తీయలేదు. ఫైనల్లో మళ్లీ గ్రీస్, లిస్బన్‌లో, కరిస్టియాస్ హెడర్, 1-0. ఎంత బాధేసిందో ఆ రోజు. సీనియర్ స్థానం పోతే తనకి చోటు వచ్చింది, అది గుర్తుపెట్టుకో, మళ్లీ దానికే వస్తా.

హోస్ట్: సరే, తర్వాత చెల్సీ.

గెస్ట్: మొరీన్యో వెంటే ఇంగ్లాండ్‌కి వెళ్లాడు. 2004-05 లో చెల్సీ 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 15 అంటే 15, ప్రీమియర్ లీగ్‌లో ఆ రికార్డ్ ఇంకా అలాగే ఉంది. పక్కన ఆడే డిఫెండర్ జాన్ టెర్రీ ముందుకెళ్లి బాల్ కోసం ఎగబడతాడు, ఈయన వెనక ఖాళీని చూసుకుంటాడు, ఆ జోడీ అలా కుదిరిపోయింది. గాయాలవల్ల అన్ని మ్యాచ్‌లూ ఆడలేదనుకో. అయినా చెల్సీలో ఉన్న ఆరేళ్లలో మూడు లీగ్ టైటిల్స్. 2006 వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్ స్ట్రైకర్ రూనీకి రెడ్ కార్డ్ పడింది కూడా ఈయన్ని తొక్కినందుకే, కానీ జనానికి రొనాల్డో కన్ను కొట్టడమే గుర్తుంది, కింద పడ్డాయన గుర్తులేడు. అదే టోర్నీ సెమీస్‌లో ఫ్రాన్స్ ఆటగాడు ఆన్రీని కిందపడేశాడు, జిదాన్ పెనాల్టీ కొట్టాడు, 1-0 తో ఓడి ఫైనల్‌కి వెళ్లే ఛాన్స్ పోయింది. డిఫెండర్ బతుకే అంత, వంద ఆపినా ఆ ఒక్కటే లెక్క.

హోస్ట్: మరి 2011 గొడవ?

గెస్ట్: నాకు ఆయనంటే ఇష్టమే, కానీ ఇది తప్పే. అప్పటికి రియల్ మాడ్రిడ్‌లో ఉన్నాడు. సైప్రస్‌తో క్వాలిఫయర్ ముందు తను స్టార్ట్ చెయ్యట్లేదని తెలిసి నేషనల్ టీమ్ క్యాంప్ వదిలి వెళ్లిపోయాడు. కోచ్ పాలో బెంతోతో మాటలు పెరిగాయి, ఫెడరేషన్ ఏడాది బ్యాన్ వేసింది, యూరో 2012 పోయింది. కెరీర్ అక్కడితో అయిపోయిందనే అందరం అనుకున్నాం.

హోస్ట్: కానీ తిరిగొచ్చాడు.

గెస్ట్: 2014లో ఫెర్నాండో సాంతోస్ కోచ్ అయ్యాక పిలిచాడు, అప్పుడు ఈయన మొనాకోలో ఆడుతున్నాడు. 2015 మార్చిలో సెర్బియా మీద హెడర్‌తో గోల్ కొట్టాడు, 36 ఏళ్లకి! యూరో 2016కి 38 ఏళ్లొచ్చాయి, గ్రూప్ మ్యాచ్‌లు మూడూ ఆడాడు, మూడూ డ్రానే, హంగరీతో అయితే 3-3. నాకౌట్స్‌కి సాంతోస్ ఈయన్ని పక్కన పెట్టి జోసె ఫోంతెని తెచ్చాడు. 2004లో కూటోకి జరిగిందే ఇప్పుడు తనకి జరిగింది చూడు. ఐదేళ్ల కింద బెంచ్ అంటే క్యాంప్ వదిలేసిన మనిషి ఈసారి కదల్లేదు, టీమ్‌తోనే ఉన్నాడు, పారిస్‌లో ఫైనల్లో పోర్చుగల్ స్ట్రైకర్ ఎదెర్ గోల్‌తో కప్పు వచ్చింది. ఆయన మెడల్స్ అన్నిట్లో నాకు ఎక్కువ గౌరవం దీని మీదే, ఫైనల్ ఆడకపోయినా సరే.

హోస్ట్: ఆ తర్వాత?

గెస్ట్: 89 మ్యాచ్‌లతో నేషనల్ కెరీర్ ముగిసింది, చైనాలో షాంఘైకి కొన్నాళ్లు ఆడాడు, తర్వాత ఫ్రాన్స్‌లోని మార్సే క్లబ్‌లో కోచ్ విల్లాస్-బోయాస్ దగ్గర అసిస్టెంట్. 2023లో పోర్చుగల్ కోచ్‌గా వచ్చిన రొబెర్తో మార్తినెజ్ కోచింగ్ స్టాఫ్‌లో చేరి మళ్లీ పోర్చుగల్ క్యాంప్‌కే వచ్చాడు.

హోస్ట్: వినేవాళ్లు ఒక్క మ్యాచ్ చూడాలంటే?

గెస్ట్: యూరో 2004 సెమీస్, నెదర్లాండ్స్ మీద. 2-1, నెదర్లాండ్స్‌కి వచ్చిన ఆ ఒక్క గోల్ కూడా మన ఆంద్రాదే కొట్టిన సెల్ఫ్ గోల్. బాల్‌ని ఫాలో అవ్వకండి, వాళ్ల స్ట్రైకర్ వాన్ నిస్టెల్‌రాయ్ ఎక్కడ నిలబడ్డాడో, ఈయన ఎక్కడ నిలబడ్డాడో అదే చూడండి.