నోలన్ తొలి సినిమా ‘ఫాలోయింగ్’ రివ్యూ: 6000 డాలర్ల నోయిర్ ఎలా నిలబడింది?

నమస్తే అండి. ఈరోజు మాట్లాడుకునే సినిమా ‘ఫాలోయింగ్’. 1998లో వచ్చింది, క్రిస్టఫర్ నోలన్ మొదటి ఫీచర్. లండన్‌లో తీశారు. నోయిర్, అంటే నేరం, మోసం, చీకటి నిండిన తరహా కథ. బ్లాక్ అండ్ వైట్, 16 ఎంఎం ఫిల్మ్, నిడివి గంటా పది నిమిషాలు. ఖర్చు సుమారు 6000 డాలర్లు. అందులో సింహభాగం ఫిల్మ్ కొనడానికి, ల్యాబ్‌లో కడిగించడానికే పోయింది.

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్లు చాలామంది “అంత తక్కువ డబ్బులో తీశాడా!” అని ఆశ్చర్యపోయి అక్కడితో ఆపేస్తారు. తక్కువ డబ్బుతో తీసిన సినిమాలు వేలు ఉన్నాయండీ, వాటిలో తొంభై శాతం చూడలేం. ఇందులో గొప్పతనం వేరే చోట ఉంది. ఏమేం లేవో ముందే లెక్క వేసుకుని, అవేవీ అక్కర్లేని కథ రాసుకున్నాడు. లైట్లు లేవు, సెట్ లేదు, రాత్రి షూటింగ్‌కి సామగ్రి లేదు. స్క్రిప్ట్ కూడా వాటిని అడగదు. వివరంగా చెప్తాను. మొదటి సగంలో స్పాయిలర్లు ఉండవు. దాటే ముందు హెచ్చరిస్తాను.

కథ ఇంతే. పనీపాటా లేని ఒక కుర్రాడు, రచయితని అని చెప్పుకుంటాడు. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ల వెంట పడి ఎక్కడికి వెళ్తున్నారో చూస్తుంటాడు. రచన కోసం మెటీరియల్ అంటాడు. తనకంటూ నియమాలు పెట్టుకుంటాడు, ఒకే మనిషి వెంట రెండోసారి వెళ్లకూడదనేది అందులో ముఖ్యం. ఆ నియమం తప్పుతాడు. అలా వెంటపడిన మనిషి, నల్ల సూటు వేసుకున్న కాబ్, ఒక కెఫేలో నేరుగా వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంటాడు. కాబ్ దొంగ. కానీ డబ్బు మీద పెద్దగా ధ్యాస ఉండదు. ఇంట్లోకి దూరి వాళ్ల వస్తువులు కెలికి, ఎవరెలా బతుకుతున్నారో చదవడం అతనికి సరదా. ఒక ఇంట్లో తీసిన ఆడవాళ్ల లోదుస్తులు ఇంకో ఇంట్లో మగవాడి ప్యాంటు జేబులో పెడతాడు. ఉన్నది పోతేనే మనకేం ఉండేదో తెలుస్తుందనేది అతని వాదన. కుర్రాడు చిత్తయిపోతాడు.

కుర్రాడిగా జెరెమీ థియోబాల్డ్, కాబ్‌గా అలెక్స్ హా, బ్లాండ్ (బంగారు రంగు జుట్టావిడ) అని మాత్రమే పిలిచే పాత్రలో లూసీ రసెల్. పోలీసు పాత్ర వేసింది నోలన్ బాబాయి జాన్ నోలన్. కెమెరా నోలనే పట్టుకున్నాడు. నిర్మాతలు ఎమ్మా థామస్, నోలన్, థియోబాల్డ్. హీరోనే నిర్మాత కూడా అన్నమాట. ఎడిటింగ్‌లో నోలన్‌తో గారెత్ హీల్, సంగీతం డేవిడ్ జూలియన్. తర్వాత ‘మెమెంటో’కి కూడా సంగీతం జూలియనే.

ఇప్పుడు అసలు విషయం. వీళ్లందరికీ వారమంతా ఉద్యోగాలు. షూటింగ్ శనివారాలు మాత్రమే, అలా దాదాపు ఏడాది. ఒక్కో రోజు పది, పదిహేను నిమిషాల ఫుటేజ్ కంటే ఎక్కువ తీయలేదు. ఎందుకో లెక్క చూడండి. 16 ఎంఎంలో సెకనుకి 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 36 అడుగుల ఫిల్మ్ పరుగెడుతుంది. వంద అడుగుల రోల్ పెడితే 2 నిమిషాల 46 సెకన్లలో ఖాళీ. 70 నిమిషాల సినిమాకి ప్రతి షాటూ సగటున రెండు టేకులే తీశారనుకుంటే 5040 అడుగులు కావాలి. పది టేకులైతే 25,200 అడుగులు. అంటే 6000 డాలర్ల సినిమాలో మూడో టేక్ అనేదే లగ్జరీ. అందుకే కెమెరా బయటకి తీయకముందే నెలల తరబడి నాటకంలా రిహార్సల్ చేశారు. ఒకటో టేక్, లేదంటే రెండోది, అంతే.

దాని ఫలితం తెర మీద కనిపిస్తుంది. కాబ్, కుర్రాడు ఇళ్లలో తిరుగుతూ మాట్లాడే సీన్లు గమనించండి. డైలాగ్‌కీ డైలాగ్‌కీ మధ్య తడబాటు లేదు, ఎవరెప్పుడు ఎటు నడవాలో ఒంటికి పట్టేసింది. అలెక్స్ హా నటుడిగా కొనసాగలేదు, ఆర్కిటెక్ట్ అయ్యాడు. అయినా కాబ్‌ని ఎంత ధీమాగా చేశాడో చూడండి. ఆ ధీమా రిహార్సల్ పెట్టిన భిక్షే.

షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నవాళ్లు ఈ ఒక్కటీ పట్టుకోండి చాలు. ఫోన్‌లో మెమొరీ ఫ్రీ కదా అని నలభై టేకులు తీస్తాం, రిహార్సల్ సున్నా. నలభై టేకుల్లో నలభై రకాల తప్పులు ఉంటాయి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఏ రెండూ అతకవు.

తర్వాత లైటింగ్. దాదాపు అంతా దొరికిన వెలుతురే. కిటికీ పక్కన మనిషిని నిలబెడతారు. మొహంలో సగం వెలుగు, సగం చీకటి. వెనక గది నలుపులో కలిసిపోతుంది. స్నేహితులవీ ఇంట్లోవాళ్లవీ ఇళ్లే లొకేషన్లు కాబట్టి, ఆ నలుపు చూపించనక్కర్లేనివన్నీ దాచేస్తుంది. కలర్‌లో ఇదే చేస్తే గొడవ వస్తుంది. కిటికీ వెలుతురు నీలంగా, గదిలో బల్బు వెలుతురు నారింజగా పడతాయి, రెండూ ఒకే మొహం మీద కలిస్తే రోత. సరిచేయాలంటే కిటికీకి జెల్ కాగితం (వెలుతురు రంగు మార్చే పలుచని షీటు) కట్టాలి, లేదా సొంత లైట్లు తేవాలి. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ తేడానే లేదు. ఎంత వెలుతురు ఉందన్నదే లెక్క. శనివారం శనివారానికీ మబ్బు మారినా, గోడ రంగు మారినా అంతగా పట్టించదు.

ఇక్కడొక హెచ్చరిక. కలర్‌లో తీసేసి చివర్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ కొడితే నోయిర్ అయిపోదు. ఎర్ర చీర, పచ్చ గోడ కంటికి ఎంతో దూరం. బూడిద రంగులోకి మారితే రెండూ ఒకటే అయిపోవచ్చు, మనిషి గోడలో కలిసిపోతుంది. బట్టలు, గోడలు ముందే మోనోక్రోమ్ మోడ్‌లో పెట్టి చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది పగటి దొంగతనం. నోయిర్ అంటే రాత్రి, తడి రోడ్లు, వీధి దీపాలు. వాటన్నిటికీ డబ్బు కావాలి. కాబ్ మాత్రం జనం ఇంట్లో లేని వేళ చూసుకుని పట్టపగలే దూరతాడు. కథకి అది సహజం, కెమెరాకి సూర్యుడు ఉచితం. అలాగే వెంటపడటం మీద కథ కాబట్టి కెమెరా చేత్తో పట్టుకుని జనంలో ఊగుతుంటే కుర్రాడి చూపులాగే ఉంటుంది. ట్రాలీ లేదన్న సంగతే మనకి తట్టదు.

ఇక కాలక్రమం. కథ ముందుకీ వెనక్కీ దూకుతుంది, తేదీలు వేయడు. దారి తప్పకుండా ఉండటానికి కుర్రాడి మొహం చూడండి. చింపిరి జుట్టు, మాసిన గడ్డం ఉంటే కథ మొదటి భాగం. జుట్టు కత్తిరించి సూటు వేసుకుంటే మధ్య భాగం. మొహం వాచిపోయి దెబ్బలుంటే చివరి భాగం. ఈ మూడే గుర్తులు, చాలా చవకైన గుర్తులు కూడా. మొదటి ఐదారు నిమిషాల్లోనే మూడూ చూపించేస్తాడు. ఇలాంటిది మీరు తీయాలనుకుంటే జుట్టున్న సీన్లన్నీ పూర్తయ్యాకే కత్తెర పెట్టండి. ప్యాచ్ వర్క్ (తీయకుండా వదిలేసిన చిన్న షాట్లు) మిగిలితే విగ్గే గతి, విగ్గు క్లోజప్‌లో దొరికిపోతుంది.

సరే, ఇక్కడి నుంచి స్పాయిలర్లు. చూడనివాళ్లు చూసొచ్చి కొనసాగించండి.

మొహం వాచి ఉండటం ముందే చూశాం కాబట్టి “ఏం జరిగింది” కాదు, “ఎవరు కొట్టారు, ఎందుకు” అని వెతుకుతాం. కాబ్ మంచివాడేమో అనుకునే సీన్ పక్కనే దెబ్బలు తిన్న మొహం పడుతుంది. అనుమానం ఎడిటింగే పుట్టిస్తుంది. కుర్రాడు కాబ్‌ని తన సొంత ఇంటికే దొంగతనానికి తీసుకెళ్లే సీన్ రెండోసారి చూస్తే నవ్వు ఆగదు. తను తెలివైనవాడిననుకుంటాడు. కాబ్ అక్కడి సామాను చూసి ఆ ఇంటివాడిని మొహం మీదే తీసిపారేస్తుంటే నోరు మూసుకుని వినాల్సి వస్తుంది. ఆ తలుపు మీద బ్యాట్‌మ్యాన్ గుర్తు కూడా ఉంటుంది. నోలన్ తర్వాత తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమాల ఫ్యాన్స్‌కి అదొక పండగ.

బిగువంతా ఉచ్చు కట్టిన తీరులో ఉంది. కాబ్ నేర్పిన ప్రతి పాఠమూ సాక్ష్యమే. దొంగిలించిన క్రెడిట్ కార్డు మీద కుర్రాడి సంతకం, కుర్రాడు వాడిన సుత్తి, జుట్టు కత్తిరించుకోమన్న సలహా. పోలీసు దగ్గర నిజం చెప్తున్నాననుకుంటాడు, చెప్పేదంతా తన మీదికే వస్తుంది. బ్లాండ్ కూడా తనే మోసం చేస్తున్నాననుకుంటుంది. ఒక ముసలావిడ హత్య నేరం తన మీద పడుతోందని కాబ్ ఆమెకి చెప్పిన కథ అబద్ధం. అసలు గురి ఆమే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ అసలు సంగతంతా చివర్లో ఇద్దరు మనుషులు కూర్చుని మాటల్లో చెప్పేస్తారు. అప్పటిదాకా వస్తువులతో, మొహాలతో చెప్పిన సినిమా ఒక్కసారిగా సంజాయిషీ చదివినట్టు అవుతుంది. బ్లాండ్ పాత్రకి ఉచ్చులో పావుగా తప్ప ఉనికి తక్కువ. లూసీ రసెల్ ఉన్నంతలో నిలబెట్టింది. సౌండ్ కొన్ని సీన్లలో పలుచగా ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకుని చూడటం మంచిది. బ్రిటిష్ యాసలో మాటలు గబగబా దొర్లిపోతాయి, చిన్న మాట మిస్సయితే తర్వాత ముడి విప్పుకోలేరు.

1998లో శాన్ ఫ్రాన్సిస్కో ఫెస్టివల్‌లో పడింది, 1999లో రాటర్‌డామ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు తెచ్చుకుంది. ఆ తర్వాతి సినిమా ‘మెమెంటో’. ‘ఇన్‌సెప్షన్’ హీరో పేరు కూడా కాబ్, అతనూ దొంగే, అతనూ సూటే. దాని మీద సిద్ధాంతాలు అల్లేవాళ్లకి ఓ దండం.

చివరిగా ఏ వెర్షన్ చూడాలో చెప్తాను. 2012లో వచ్చిన క్రైటీరియన్ (పేరున్న సినిమాలను డిస్కులుగా తెచ్చే సంస్థ) డిస్క్‌లో సీన్లన్నీ వరుస క్రమంలో పేర్చిన కట్ కూడా ఉంది. మొదటిసారికి అది వద్దు. వరుసలో పెడితే దెబ్బ తగిలాకే దెబ్బ కనిపిస్తుంది, అనుమానానికి చోటుండదు, కథ మామూలు మోసం కథలా జరిగిపోతుంది. మొదట థియేటర్ కట్ చూడండి. రెండోసారి కూడా అదే చూడండి, ఈసారి కాబ్ ఎప్పుడెప్పుడు అబద్ధం చెప్తున్నాడో లెక్కపెట్టుకుంటూ. వరుస కట్ మూడోసారికి, అది కూడా ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకి.